అక్క నోట రాని పేరు

మోకాళ్ళ నొప్పుల కోసం వారం వారం వెళ్ళే జురాంగ్ ఈస్ట్ ఫిజియోథెరపీ కేంద్రంలో మొన్న నా వంతు కోసం కూర్చుని, గోడ మీది టీవీలో ఎవరో వంటాయన చేపల పులుసులో చింతపండుకి బదులు టమాటా గుజ్జు పోస్తుంటే లోలోపల తిట్టుకుంటూ ఉండగా, నర్సమ్మాయి తలుపు తీసి గట్టిగా ఒక పేరు పిలిచింది. జెరార్ అని. అంతే, చేతిలోని నీళ్ళ సీసా జారి కింద పడింది, నా కళ్ళు ముందుగా బయటికి పోయే తలుపు ఎటుందో వెతుక్కున్నాయి. తీరా పిలుపుకి లేచి నిలబడింది ఎవరయ్యా అంటే ఎనభై దాటిన ఒక ఫ్రెంచి పెద్దాయన, చేతికర్ర, మడమల దాకా దిగజారిన మేజోళ్ళు, నా సీసా తీసివ్వాలని వంగబోయి నడుం పట్టేసి తనలో తానే నవ్వుకున్నాడు. పాపం, ఆయన చేసిన తప్పేముంది? కానీ ఆ పేరు వినబడితే ఇలా ఉలిక్కిపడే తెలుగు ఆడవాళ్ళం ఈ సింగపూర్‌లో ఇద్దరమే ఉన్నాం, నేనూ మా అక్కా. ఇంటికొచ్చినా ఆ దడ తగ్గక, మన ఈడువాళ్ళతో చెప్పుకుంటేనన్నా తగ్గుతుందేమోనని ఇది రాస్తున్నాను.

మాది కాకినాడ. అక్కని యానాం ఇచ్చారు. యానాం సంగతి మన తరానికి విడమరచి చెప్పక్కర్లేదు, నాలుగు వైపులా మన గోదావరి జిల్లా, మధ్యలో ఫ్రెంచివాళ్ళ ఏలుబడి. అక్క మామగారు ఆ రోజుల్లో ఒక ఫ్రెంచి దొర కచేరీలో గుమస్తాగా ఉండేవారట, ఆ దొర పేరు జెరార్. జెండా దించేసి దొరలంతా ఓడెక్కి వెళ్ళిపోయాక ఆయనకి బెంగ పట్టుకుంది, అన్నం సయించలేదు, ఆ తరవాత కొన్నేళ్ళకి కొడుకు పుడితే నక్షత్రాన్ని బట్టి వచ్చిన అక్షరాన్ని పక్కన పెట్టేసి దొర పేరే పెట్టుకున్నారు. బారసాలనాడు పళ్ళెంలో బియ్యం పరిచి ఉంగరంతో రాయించబోతే పురోహితుడికి ఆ పేరు నోరు తిరగక నీళ్ళు నమిలాడని, పక్క వీధి పాస్టరుగారిని పిలిచి పలికించుకుని రాయించారని ఆ ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు.

అలా ఆ పేరు మా బావకి వచ్చింది. ఆయనకి దాని మీద ఉన్న మమకారం కన్నబిడ్డ మీద కూడా లేదు. ఇంటికి ఎవరొచ్చినా సరే, కాఫీ చేతికి అందేలోపే మొదలుపెట్టేవాడు. జెరార్ అంటే రెండు మాటలట, మొదటిది బల్లెం, రెండోది గట్టిదనం, వెరసి బల్లెమంత గట్టివాడు అని అర్థమట, ఫ్రెంచి రాజుల కాలంలో గుర్రమెక్కి యుద్ధానికి వెళ్ళే వీరులకి పెట్టిన పేరట. చెబుతూ చెబుతూ గాలిలో చెయ్యి ముందుకు విసిరి పొడిచి చూపించేవాడు, వచ్చినవాళ్ళు ఆహా అనేవాళ్ళు, అక్క వంటింటి గుమ్మంలో నిలబడి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉండేది. ఆ చెయ్యి అంత విసురుగా ఎలా వస్తుందో నాకు అప్పటికి తెలియదు.

ఇక మా ఇంటి ఆడవాళ్ళ సంగతి చెప్పాలి. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా నాయనమ్మ గట్టి నమ్మకం. తాతయ్యది దేవుడి పేరు కావడంతో ఆవిడ పూజలో ఆ నామం దగ్గరికి రాగానే గొంతు దించి ముక్కుతో ఒక మూలుగు మూలిగి ముందుకు పోయేది, దేవుడికి అర్థమవుతుందిలే అనేది. మా అమ్మ కూడా అంతే. అక్క పెళ్ళయి అత్తారింట్లో అడుగు పెట్టేటప్పుడు ఆడపడుచులు గడపకి అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్తేనే లోపలికి రానిస్తామని అల్లరి చేస్తే, సిగ్గుతో చచ్చిపోయి, ఆ పరాయి పేరు నోరు తిరగక, ఆయనతో వచ్చానని మాత్రం అని ఏడుపు ముఖం పెట్టింది. జాలిపడి వదిలేశారు. ఆ ఒక్క రోజు కూడా తప్పిపోవడంతో మా అక్క జన్మలో మొగుడి పేరు పలకలేదు, ఆయన, మా ఆయన, పాప పుట్టాక పాప నాన్న, అంతే.

బావ ఓడల కార్ఖానాలో ఇంజనీరుగా సింగపూర్ వచ్చి, కంప్యూటర్ల జోరు మొదలయ్యాక అందులోంచి దూకి ఒక నెట్‌వర్కుల కంపెనీలో మేనేజరయ్యాడు. యీషున్‌లో ఫ్లాటు, నడుముకి పేజరు, మెడకి టై. నేను వచ్చింది ఆ ఊపులోనే. రెండువేల సంవత్సరం వచ్చేసరికి బ్యాంకుల కంప్యూటర్లన్నీ తేదీలు మరచిపోయి లోకం తలకిందులవుతుందని గగ్గోలు పుట్టడంతో, ఎవరికీ అక్కర్లేని కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష చదువుకుని కాకినాడలో పాఠాలు చెప్పుకుంటున్న నాబోటి వాళ్ళకి కూడా విమానం టిక్కెట్లు పంపి మరీ పిలిపించుకున్నారు. ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను, మెడలో ఆఫీసు కార్డు వేలాడుతుంటే తీసి దాచుకోబుద్ధయ్యేది కాదు, రైల్లో కూడా అలాగే వేసుకుని తిరిగేదాన్ని. మొదట్లో అక్క ఇంట్లోనే ఉన్నాను.

దిగిన కొన్నాళ్ళకే చూశాను. ఆదివారం పొద్దున్న నేను తలస్నానం చేసి వచ్చేసరికి వంటింట్లో బావ అక్క జుట్టు పిడికిలికి చుట్టుకుని తల వెనక్కి వంచి, రెండో చేత్తో లెంప మీద కొడుతున్నాడు, ఒకటే చోట, ఒకటే వేగంతో, గోడకి మేకు దిగ్గొట్టినట్టు. అక్క అరవడం లేదు. చపాతీలు ఆలస్యమయ్యాయట. తాగి కొట్టాడంటే తాగుడు మీద పెట్టి తిట్టేవాళ్ళం, ఆయన చుక్క ముట్టడు, కోపం వచ్చి కొట్టాడా అంటే ముఖంలో కోపం కూడా లేదు. నాకు ఒళ్ళు తెలియలేదు. పీట మీద ఉన్న చపాతీల కర్ర తీసుకుని ఆయన మోచేతి మీద ఒక్కటిచ్చాను. ఎముక టకీమంది. ఆయన అక్కని వదిలేసి, చెయ్యి కడుక్కుని, నన్ను పల్లెత్తు మాట అనకుండా నా పెట్టె సర్ది వరండాలో పెట్టి, ఇనుప గేటు వేసి తాళం తిప్పాడు. బయటివాళ్ళ మీద ఆయన చెయ్యెత్తడు, గొంతు పెంచడు, ఆ క్షణం నుంచి నేను బయటిదాన్ని. తడి జుట్టుతో వరండాలో నిలబడి నేను తిట్టిన తిట్లు మా ఊరి చేపల రేవులో కూడా వినబడవు.

అప్పుడు పక్క ఫ్లాటు తలుపు తీసుకుని ఒక మామ్మ వచ్చింది. వాళ్ళు తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు, ఆవిడ ఇక్కడే పుట్టింది, మన ఊరు కంటితో చూడలేదు, తెలుగులో సగం అరవం సగం మలయ్ కలిపి మాట్లాడుతుంది. నన్ను లోపలికి లాక్కెళ్ళి కూర్చోబెట్టి ముందుగా అడిగిన మాట "మకాన్ అయిందా కన్నా?" అని, అంటే తిన్నావా అని. తరవాత గోడ మీద అరచెయ్యి ఆనించి చూపిస్తూ, "ఈ సువరుకి అవతల నీ అక్క పడే దెబ్బలు నాకు రోజూ వినిపిస్తాయి అమ్మా, ఆ పిల్ల అరవదు, దెబ్బ మాత్రమే వినిపిస్తుంది, అదే నాకు భయం" అంది.

నేను బుకిట్ పంజాంగ్‌లో గది తీసుకున్నాను. బావ ఆఫీసుకి వెళ్ళిన వేళ చూసుకుని అక్కకి ఫోన్ చేసేదాన్ని, రమ్మని, పాపని తీసుకుని నా దగ్గరికి వచ్చెయ్యమని బతిమాలేదాన్ని, ఆవిడ ఆ రోజు ఏం కూర వండిందో చెప్పి పెట్టేసేది. ఎంత ఒళ్ళు మండేదో నాకు.

ఆ రోజుల్లో ఇంటర్నెట్ ఎలా ఉండేదో మీకు గుర్తుందా? ఫోన్ తీగ కంప్యూటర్‌కి తగిలిస్తే కుయ్యో మొర్రో అని అరిచి అరిచి కలిసేది, ఇంట్లో ఎవరన్నా పొరపాటున ఫోన్ ఎత్తారా, పుటుక్కున తెగిపోయేది. మనందరి ఇళ్ళల్లోనూ దాని మీద విసుర్లూ వేళాకోళాలూ జరిగినవే. ఒక సాయంత్రం పాపకి జ్వరం మండిపోతుంటే అక్క డాక్టరుకి చెయ్యబోయి వంటింట్లో ఫోన్ ఎత్తింది, హాల్లో బావ ఏదో పెద్ద ఫైలు దింపుకుంటున్నాడు, తెగిపోయింది. ఆయన నెమ్మదిగా లేచి వచ్చి, అక్క చేతిలోంచి ఆ ఫోన్ తీసుకుని, దాంతోనే నోటి మీద కొట్టాడు. పై పన్ను ఊడి సింకులో పడింది. ఫోన్ ముక్కలయ్యేదాకా కొట్టి, ముక్కలయ్యాక తీగతో చెయ్యి మెలిపెట్టి కట్టాడు. పాప జ్వరంతోనే పరుగెత్తుకెళ్ళి మామ్మ తలుపు బాదింది, మామ్మ "మాతాకి కాల్ చేసేశా" అని వరండా అంతా వినబడేలా కేక పెట్టింది. మలయ్‌లో పోలీసుల్ని మాతా అంటారు.

పోలీసులు వచ్చేసరికి బావ చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని, వాళ్ళకి చల్లటి నీళ్ళిచ్చి, నేల తడిగా ఉండి జారి పడిందని చక్కటి ఇంగ్లీషులో చెప్పాడు. వాళ్ళు అక్కనే అడిగారు, నిన్ను కొట్టిందెవరు, పేరు చెప్పు, మేం రాసుకుంటాం అని. అక్క నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నేల చూపులు చూసింది. పేరు చెప్పడమంటే ఆవిడకి కేసు పెట్టడం ఒక్కటే కాదు, మొగుడి ఆయుష్షు తన నోటితో తుంచెయ్యడం. వాళ్ళు కాసేపు చూసి, గొడవలు పడకండని హెచ్చరించి వెళ్ళిపోయారు. గేటు వేసి వచ్చి బావ నవ్వుతూ అన్న మాట అక్క నాకు చాలా కాలం తరవాత చెప్పింది. "నా పేరెత్తే నోరే లేదు నీకు, నా మీద ఫిర్యాదు చేస్తావుటే?"

ఆ మాట ఆయనకి ధైర్యమిచ్చింది. అప్పటిదాకా తలుపు వేసుకుని ఇంటి లోపలే కొట్టేవాడు, ఇక ఆ దాపరికం కూడా పోయింది. కంపెనీలో పై పదవి ఇంకొకడికి ఇచ్చారట, ఆ వేళ ఇంటికొస్తూనే గేటు తియ్యడం ఆలస్యమైందని అక్క మెడ పట్టుకుని ఆ ఇనుప గేటుకే నుదురు వేసి కొట్టాడు, మళ్ళీ కొట్టాడు, చువ్వల మధ్య రక్తం వరండాలోకి కారింది. అమ్మని వదులు అంటూ అడ్డం వచ్చిన పాపని ఎత్తి అవతల పడేసి, కంప్యూటర్ మౌసు వైరు ఊడబీకి వీపు మీద వాతలు తేలేలా కొట్టాడు. ఏడేళ్ళ పిల్ల. మామ్మ పిలిచిన అంబులెన్సులో ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు, నేను ఆఫీసు నుంచి పరుగున వెళ్ళేసరికి అక్క నుదుటి మీద కుట్లు వేస్తున్నారు, పక్క మంచం మీద పాప బోర్లా పడుకుని ఉంది. నాకు ఆయన్ని చంపెయ్యాలనిపించింది, ఇంత వయసొచ్చాక కూడా ఆ మాట నేను వెనక్కి తీసుకోను.

అక్క ఏడవలేదు. పాప వీపు మీద లేచిన వాతల్ని వేలితో ముట్టుకోకుండా, వాటి మీదుగా గాలిలో వేలు నడిపిస్తూ, "ఇక చాలే" అంది నాతో. "డోంట్ క్రై లా, అమ్మా" అంది పాప దిండులోంచి, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ఆ లాతో సహా, అక్క ఏడుస్తోందనుకుని.

ఇక్కడి చట్టంలో రక్షణ ఉత్తర్వు అని ఒకటి ఉంది, ఫ్యామిలీ కోర్టులో జడ్జి ఇస్తే కొట్టిన మొగుడు మళ్ళీ చెయ్యెత్తకూడదు, ఆ ఇంటి గడప కూడా తొక్కకుండా ఆపవచ్చు. దొరికితే అక్కా పాపా బతుకుతారు, దొరక్కపోతే ఆ గేటు లోపలికే తిరిగి వెళ్ళాలి, మధ్యే మార్గం లేదు. ఇద్దరినీ నా గదికి తెచ్చుకుని, కాగితాలన్నీ నేనే నింపాను. కానీ విచారణ రోజున నీ నోటితో నువ్వు చెప్పాలి అని అక్కడివాళ్ళు అనేసరికి అక్క నీరుగారిపోయింది. దానికి తోడు కాకినాడ నుంచి అమ్మ ఫోన్లు. కొట్టినా తిట్టినా మొగుడే, కోర్టులో నిలబడి పేరెత్తి ఆయన ప్రాణం మీదికి తెస్తావా, నీ పసుపు కుంకాలు నువ్వే తుడుచుకుంటావా అని ఒకటే శోకాలు. నా గదిలో చాప మీద కూర్చుని, "నేను పలికాక ఆయనకేమన్నా అయితేనో? నాకు ఆయన చావక్కర్లేదే, దూరంగా ఉంటే చాలు, పాపకి తండ్రి కదే" అనేది అక్క. నుదుటి మీద కట్టు కట్టుకుని ఆ మనిషి ఆయుష్షు గురించి బెంగపడుతుంటే నాకు పళ్ళు పటపటా కొరకబుద్ధయ్యేది.

మా ప్రాజెక్టులో ఒక ఫ్రెంచి ఆవిడ ఉండేది, పెద్ద మనిషి, సిగరెట్టు వాసన, మంచి మనసు. ఒక రోజు భోజనాల దగ్గర ఆ పేరు గురించి అడిగాను. ఆవిడ పకపకా నవ్వి, అది మా తాతల కాలం పేరు, ఇప్పుడు ఫ్రాన్సులో ఆ పేరున్నవాళ్ళంతా పార్కుల్లో ఎండ కాచుకునే ముసలాళ్ళే, ఏ తల్లీ తన బిడ్డకి పెట్టదు అంది. ఇంకా చెప్పింది. అది అసలు ఫ్రెంచివాళ్ళ సొంతం కూడా కాదట, జర్మన్ భాషల వైపు నుంచి వచ్చి ఆ నేలని గెలుచుకున్న ఫ్రాంకులనే తెగవాళ్ళతో వచ్చిందట. బల్లెం, గట్టిదనం అన్న అర్థం నిజమేనట. ఎప్పుడు ఏ తెగ వచ్చి మీద పడుతుందోనని భయపడే రోజుల్లో, పుట్టిన పిల్లాడు పెరిగి బల్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఇంట్లోవాళ్ళని కాపాడాలని కోరుకుని పెట్టుకున్న పేరు అయ్యుంటుందని తన ఊహ చెప్పింది. ఆ మాట నాకు ముల్లులా దిగింది. గుమ్మంలో బయటికి తిరిగి నిలబడవలసినవాడు మా ఇంట్లో లోపలికి తిరిగి నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే అక్కకి అంతా చెప్పాను, రాజుల పేరూ కాదు పాడూ కాదు, మన సుబ్బయ్యా వెంకయ్యా లాంటిదే, ఆ దేశంలో మోకాళ్ళ నొప్పుల ముసలాళ్ళ పేరు అని. అక్క ముందు తెల్లబోయి చూసి, తరవాత నవ్వడం మొదలుపెట్టింది, కుట్లు లాగుతుంటే నుదురు అరచేత్తో పట్టుకుని, అమ్మో అమ్మో అంటూ నవ్వింది. పెళ్ళయ్యాక అక్క అలా నవ్వగా నేను అదే చూడటం. నవ్వు ఆగాక కూడా పలుకుతానని మాత్రం అనలేదు.

విచారణ రోజు వచ్చింది. చిన్న గది, పొడుగు బల్ల, ఎత్తులో జడ్జి, కళ్ళద్దాల చైనా ఆవిడ. తెలుగు తెలిసిన ఒక పెద్దాయనని దుబాసీగా తెచ్చారు, నన్ను అక్కకి తోడుగా వెనక కూర్చోనిచ్చారు. అవతలి కుర్చీలో బావ, ఇస్త్రీ చొక్కా, కొత్త టై, అందరికీ నమస్కారాలు. జడ్జి అడిగింది, నిన్ను కొట్టిందెవరు అని. అక్క తల వంచుకుని మా ఆయన అంది. పేరు చెప్పమంది జడ్జి. అక్క నోరు తెరిచింది, మూసింది, మెడ మీద నరాలు కదలడం నాకు వెనక నుంచి కనబడుతోంది. బావ పెదవుల మీద ఆ సన్నటి నవ్వు వచ్చింది. దుబాసీ పెద్దాయన పాతకాలం మనిషి కావడంతో సంగతి గ్రహించి, మా వైపు భార్యలు భర్త పేరు పలకరని జడ్జికి వివరించాడు. ఆవిడ తలూపి, పేరు కాగితంలో ఉంది కదా, పలకక్కర్లేదు, ముందుకు పోదాం అంది. అమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను నేను.

అక్క చెయ్యెత్తి ఆగమంది.

"జెరార్" అంది. గొంతు జీరపోయింది, దగ్గి సవరించుకుని మళ్ళీ అంది, ఈసారి గది అంతా వినబడేలా. "జెరార్ నా పన్ను రాలగొట్టాడు. జెరార్ నా తల గేటుకేసి బాదాడు. జెరార్ నా కూతురి వీపు మీద వైరుతో కొట్టాడు. జెరార్ నా చెయ్యి మెలితిప్పి ఫోన్ తీగతో కట్టాడు." దుబాసీ ఇంగ్లీషులోకి మార్చడం మరచిపోయి నిలబడిపోయాడు. ఒక్కొక్క మాటకి ముందు ఆ పేరు, బాకీ పడ్డ ఏళ్ళన్నిటినీ ఒక్కసారే తీర్చేస్తున్నట్టు పలుకుతూనే ఉంది మా అక్క.

నేను బావ ముఖం చూశాను. నవ్వు పోయింది, రంగు పోయింది, పోలీసుల ముందూ, చుట్టాల ముందూ, కంపెనీవాళ్ళ ముందూ ఇన్నేళ్ళుగా ఆయన తొడుక్కున్న పెద్దమనిషి తనం ఒక్క క్షణంలో ఊడిపోయింది. కుర్చీ తన్నేసి, బల్ల మీదుగా దూకి, అడ్డం వచ్చిన దుబాసీని మోచేత్తో పొడిచి పడేసి, నా పేరెత్తుతావా అని అరుస్తూ అక్క జుట్టు రెండు చేతులతోనూ అందుకున్నాడు. జడ్జి లేచి నిలబడింది. దుబాసీ ముక్కులోంచి రక్తం బల్ల మీది కాగితాల మీద పడింది. నేను ఆయన వీపు మీద పడి అందిన చోటల్లా కరిచాను, గోళ్ళతో రక్కాను, ఆ చేతులు ఊడి రాలేదు. ఆ పెనుగులాటలో అక్క తల వెనక్కి వంగిపోయి, ఆయన ముఖం తన ముఖానికి జానెడు దూరంలో ఉండగా, అరవకుండా, కళ్ళల్లోకి చూసి అంది, "వదులు, జెరార్" అని. ఆయన గురించి ఇంకొకరికి చెబుతూ కాదు, ఆయన్నే పిలిచి అంది. ఆయన చేతులు ఒక్క క్షణం ఆగాయి, ఆ క్షణంలోనే కాపలావాళ్ళు పట్టుకుని నేలకి నొక్కేశారు.

ఇక ఏ సాక్ష్యమూ అడగలేదు. ఉత్తర్వు ఆ పూటే చేతికి వచ్చింది, ఆయన్ని వేరే తలుపులోంచి తీసుకుపోయారు. బయట బెంచీ మీద మామ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్న పాపని లేపుతుంటే అక్క పైట మీద ఊడివచ్చిన జుట్టు పాయలు ఉన్నాయి, వాటిని దులిపి, "ఆకలేస్తోందే" అంది. ఎదురుగా వరసగా తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో నూడుల్స్ తిన్నాం నలుగురం. అక్కకి పాపే తినిపించింది.

తరవాత విడాకులు, బావ శిక్ష అనుభవించి యానాం వెళ్ళిపోవడం, అక్క పిల్లల్ని చూసుకునే కేంద్రంలో పనికి కుదిరి అదే ఫ్లాటులో పాపని పెంచి పెద్ద చెయ్యడం, ఇవన్నీ మామూలుగానే జరిగిపోయాయి. పేరెత్తితే ఆయన పోతాడని ఏడ్చిన మా అమ్మ పోయింది, చల్లటి మామ్మ పోయింది, ఈ గొడవలన్నీ తీరాక నేను చేసుకున్న, అన్నెం పున్నెం ఎరుగని నా మొగుడు కూడా పోయాడు, నేను ఏనాడూ పేరెత్తి పిలవకపోయినా పోయాడు. ఆ జెరార్ మాత్రం యానాంలో గుండ్రాయిలా ఉన్నాడట, పొద్దున్నే గోదావరి గట్టు మీద నడక కూడా నడుస్తాడట. మన పెద్దవాళ్ళ లెక్కలు అలా ఏడ్చాయి.

ఇప్పటి పిల్లలకి ఇదంతా చెబితే కట్టుకథ అనుకుంటారు. మా పాప, పాప ఏమిటి నా మతి మండా, దానికీ పెళ్ళయింది, పొద్దున్న లేచింది మొదలు మొగుణ్ణి పేరు పెట్టే పిలుస్తుంది, ముద్దొస్తే ఒక రకంగా, కోపమొస్తే ఇంకో రకంగా, హాకర్ సెంటర్‌లో టేబులు దొరికితే ఈ చివర నుంచి ఆ చివరికి వినబడేలా కేక వేస్తుంది, అతను చెయ్యూపుతూ వస్తాడు. మన ఏమండీలో ఉన్న తీపి ఇందులో లేదే అని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది, మా ఆయన్ని అలా పిలిచిన పిలుపులు ఇప్పటికీ తలుచుకుంటూనే ఉంటాను, అబద్ధమెందుకు? అయినా ఈ పిల్లల నోళ్ళకి అడ్డం లేదు కదా, అది మంచిదే, వంద పాళ్ళు మంచిదే.

మొన్న ఆదివారం యీషున్‌లో అందరం కలిశాం. అక్కకి అల్లుడంటే ప్రాణం, చేపల పులుసులో తలకాయ కూతురికి కూడా పెట్టకుండా అతనికే దాచిపెడుతుంది. భోజనాలయ్యాక పాప హాల్లోంచి అతన్ని పేరు పెట్టి గట్టిగా పిలిచింది. తాంబూలానికి తమలపాకులు తుడుస్తున్న అక్క చేతులు ఆగిపోయాయి, తల ఎత్తి, వంటింట్లోంచి వస్తున్న అల్లుడి ముఖం వైపు కాదు, చేతుల వైపు చూసింది. అవి సబ్బు నురగతో ఉన్నాయి. పాప అది గమనించి, "అమ్మా, హీ ఈజ్ ఓన్లీ వాషింగ్ ద ప్లేట్స్ లా" అంది మెల్లగా. తెలుసులేవే అని అక్క నవ్వింది, అల్లుడూ నవ్వాడు. కాసేపటికి పాప మళ్ళీ పిలిచింది. అక్క మళ్ళీ చేతులే చూసింది.